ఫైలుకు కట్టిన చీటీ

కర్ణాటకలోని మన పాతపాళ్యలో ఇంట్లో మాట తెలుగు. బడిలో పాఠం కన్నడ. నాడకచేరి అనే సర్కారు ఆఫీసులో అర్జీ రాయాలన్నా కన్నడమే. కంప్యూటరు ముందు కూర్చుంటే మాత్రం అది హెచ్చరించేది ఇంగ్లిషులో. అందుకే బాగేపల్లి, చింతామణి చుట్టుపక్కల పిల్లలు కలిసినప్పుడల్లా ఒక ప్రశ్న వేస్తుంటారు. "తాతా, నెట్టులోంచి ఫైలు దింపితే పైన పసుపు పట్టీ వస్తాది, ఒక్కోసారి నీలం కిటికీ అడ్డమొస్తాది. వైరస్ ఉన్నట్టేనా?"

మంచి ప్రశ్నప్పా. జవాబు ముందు చెప్పేసి తర్వాత విడమరుస్తాను. ఆ అడ్డం "ఈ ఫైలు చెడ్డది" అనడం లేదు. "ఇది బయటి నుంచి వచ్చింది, దీని సంగతి నాకు తెలీదు, నువ్వు చూసుకో" అంటోంది. ఈ రెండు మాటలకూ ఉన్న తేడా పట్టుకుంటే అనవసరమైన భయం పోతుంది, అవసరమైన జాగ్రత్త వస్తుంది.

చింతామణి టమాటా మండీలో వేలం దగ్గర నిలబడి చూసే ఉంటారు. క్రేట్ల వరుస మీద ఇది ఏ రైతుదో, ఏ ఊరిదో తెలిసేలా ఒక చీటీ ఉంటుంది. చీటీ చూస్తే కాయ ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుస్తుంది. అడుగున కుళ్లు కాయ ఉందా లేదా అన్నది మాత్రం చీటీ చెప్పదు. అందుకు చెయ్యి పెట్టి చూసుకోవాల్సిందే. మీ కంప్యూటరు కూడా దింపిన ప్రతి ఫైలుకూ ఇట్లాంటి చీటీ ఒకటి కడుతుంది. అది మామూలుగా కంటికి కనబడదు, అంతే.

కనబడేట్టు చేద్దాం రండి. విండోస్ కంప్యూటరులో నెట్టు నుంచి దింపిన ఫైలు మీద మౌసు కుడి బటను నొక్కి 'ప్రాపర్టీస్' తెరవండి. జనరల్ అనే పేజీలో అన్నిటికన్నా కింద 'సెక్యూరిటీ' అన్న మాట, దాని పక్కన ఈ ఫైలు వేరే కంప్యూటరు నుంచి వచ్చిందన్న వాక్యం, 'అన్‌బ్లాక్' అనే చిన్న గడి కనిపిస్తాయి. చీటీ ఉందనడానికి అదే గుర్తు. ఇంకాస్త లోపలికి పోదామంటే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, డౌన్‌లోడ్స్ ఫోల్డరులోకి వెళ్లి, 'డిఐఆర్' అని కొట్టి, ఖాళీ వదిలి, 'స్లాష్ ఆర్' అని కొట్టండి. ఫైళ్ల జాబితా వస్తుంది. దింపిన ఫైలు పేరు కిందనే అదే పేరుతో మరో వరుస ఉంటుంది. ఆ పేరు చివర కోలన్ పెట్టి 'జోన్ ఐడెంటిఫయర్' అని ఉంటుంది. అదే చీటీ. దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే నాలుగైదు వరుసలకు మించి ఉండవు. మొదట 'జోన్ ట్రాన్స్‌ఫర్' అన్న శీర్షిక, దాని కింద 'జోన్ ఐడీ = 3' అన్న వరుస. ఆ కింద చాలాసార్లు రెండు చిరునామాలు కూడా ఉంటాయి. ఒకటి ఫైలు ఏ సర్వరు నుంచి దిగిందో చెబుతుంది, రెండోది ఏ పేజీ మీద నొక్కితే దిగిందో చెబుతుంది.

ఆ 3 ఏమిటంటారా? విండోస్ ప్రపంచాన్ని అయిదు మండలాలుగా విడగొట్టుకుంది. 0 అంటే సొంత కంప్యూటరు. 1 అంటే ఆఫీసు లోపలి నెట్‌వర్కు. 2 అంటే మనం నమ్మకమైనవని చేర్చుకున్న సైట్లు. 3 అంటే బయటి ఇంటర్నెట్ మొత్తం. 4 అంటే నమ్మకూడదని పక్కన పెట్టినవి. నాడకచేరి సైటు నుంచి దింపుకున్న ధ్రువపత్రానికీ 3 పడుతుంది, దొంగ సైటు నుంచి వచ్చిన ప్రోగ్రాముకూ 3 పడుతుంది. మండలం ఒకటైనంత మాత్రాన మంచీ చెడ్డా ఒకటి కావు కదా!

ఈ చీటీ ఫైలు లోపల ఉండదు, ఫైలు పక్కన ఉంటుంది. డిస్కు మీద ఫైళ్లను పేర్చడానికి విండోస్ వాడే పద్ధతి పేరు ఎన్‌టీఎఫ్‌ఎస్. 1993లో విండోస్ ఎన్‌టీతో పాటే వచ్చింది. అందులో ఒకే ఫైలు పేరు కింద అసలు సరుకుతో పాటు మరికొంత సమాచారాన్ని వేరే పాయగా దాచుకునే వీలు ఉంది. అప్పట్లో ఆపిల్ వాళ్ల మెకింతోష్ ఫైళ్లకు రెండేసి భాగాలుండేవి. వాటిని విండోస్ సర్వర్లలో చెడకుండా దాచడానికి ఈ ఏర్పాటు పనికొచ్చింది. ఒకందుకు పెట్టుకున్న ఆ వీలే పదకొండేళ్ల తర్వాత మరొకందుకు అక్కరకొచ్చింది. చీటీ పాయ వేరు, ఫైలు పాయ వేరు కాబట్టి చీటీ కట్టినా విప్పినా ఫైలులోని ఒక్క అక్షరమూ మారదు.

ఈ చీటీ అవసరం ఎందుకు వచ్చిందో చెప్పాలి. 1999 మార్చిలో మెలిస్సా అనే వైరస్ వర్డ్ ఫైలులో దాక్కుని ఈమెయిలు ద్వారా పాకింది. 2000 మే నెలలో ఫిలిప్పీన్స్ నుంచి బయలుదేరిన 'ఐ లవ్ యూ' అంతకన్నా పెద్ద దెబ్బ కొట్టింది. అది ప్రేమలేఖలా వచ్చింది. ఫైలు పేరు చివర 'టీఎక్స్‌టీ' అని కనబడేది. దాని తర్వాత మరో చుక్క, 'వీబీఎస్' అనే మూడక్షరాలు ఉండేవి. అవి ప్రోగ్రాముకు గుర్తు. కానీ విండోస్ తెలిసిన రకాల ఫైళ్లకు చివరి అక్షరాలను దాచిపెడుతుంది కాబట్టి జనం దాన్ని ఉత్త ఉత్తరమనుకుని తెరిచారు. తెరిచినవాళ్ల అడ్రస్ బుక్కులో ఉన్న అందరికీ అది తనంతట తానే పోయింది. రోజుల్లోనే లక్షల కంప్యూటర్లు పాడయ్యాయి. ఆ దెబ్బల తర్వాతనే 2004 ఆగస్టులో విండోస్ ఎక్స్‌పీకి వచ్చిన రెండో సర్వీస్ ప్యాక్ దింపిన ఫైళ్లకు చీటీ కట్టడం మొదలుపెట్టింది. దీన్ని సాంకేతికుల భాషలో 'మార్క్ ఆఫ్ ద వెబ్' అంటారు. ఆపిల్ కూడా 2007లో లెపర్డ్‌తో తన మ్యాక్ కంప్యూటర్లలో ఇట్లాంటిదే పెట్టి, దానికి 'క్వారంటైన్' అని పేరు పెట్టుకుంది.

చీటీని చూసేవాళ్లు ముగ్గురున్నారు. మొదటివి ఆఫీస్ ప్రోగ్రాములైన వర్డ్, ఎక్సెల్. ఇవి చీటీని చూస్తే ఫైలును 'ప్రొటెక్టెడ్ వ్యూ'లో తెరుస్తాయి. అదే పసుపు పట్టీ. అంటే చదువుకోవచ్చు, దిద్దడానికి లేదు, లోపలి మాక్రోలు నడవవు. మాక్రో అంటే ఆ ఫైలులోనే ఇమిడి ఉండే చిన్న ప్రోగ్రాము. ఇరవై ఏళ్లకు పైగా దొంగలు దాన్నే వాడుకున్నారు. చివరికి 2022లో మైక్రోసాఫ్ట్ నెట్టు నుంచి వచ్చిన ఆఫీస్ ఫైళ్లలో మాక్రోలను మొత్తంగా ఆపేయడం మొదలుపెట్టింది. రెండోది స్మార్ట్‌స్క్రీన్. దింపిన ప్రోగ్రామును నడపబోతే నీలం కిటికీ వేసేది ఇదే. ప్రోగ్రాము మీద ఎవరి సంతకం ఉంది, ఇంతకు ముందు ఎంతమంది దీన్ని దింపుకున్నారు అని ఆరా తీస్తుంది. కొత్తది, ఎవరికీ పెద్దగా తెలియనిది అయితే ఆపుతుంది. అందుకే బెంగళూరులో చదివే మన పిల్లవాడు సొంతంగా రాసుకున్న మంచి ప్రోగ్రామునూ అది ఆపుతుంది. మూడోది యాంటీవైరస్. చీటీ ఉన్న ఫైలును అది మరింత నిశితంగా చూస్తుంది.

మంచి ఫైలుకూ హెచ్చరిక వస్తుందనడానికి మనందరి దగ్గరా ఉన్న రుజువు ఒకటుంది. ఆధార్ సైటు నుంచి ఈ-ఆధార్ దింపి కంప్యూటరులో తెరిచి చూడండి. సంతకం ఉండేచోట చాలాసార్లు పసుపు రంగు ప్రశ్నార్థకం, 'వ్యాలిడిటీ అన్‌నోన్' అన్న మాట కనిపిస్తాయి. ఆధార్ కార్డు దొంగదనా దాని అర్థం? కాదు. పీడీఎఫ్ చదివే ప్రోగ్రాముకు మన దేశపు డిజిటల్ సంతకాల మూల ధ్రువపత్రం పరిచయం లేదు, అంతే. ఆ గుర్తు మీద కుడి బటను నొక్కి సంతకం వివరాలు తెరిచి, మూల ధ్రువపత్రం మన దేశంలో డిజిటల్ సంతకాల వ్యవస్థను చూసే సీసీఏదేనని చూసుకుని, నమ్మకమైనవాటిలో చేర్చి మళ్లీ సరిచూస్తే పచ్చ టిక్కు వస్తుంది. ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోండి. చీటీ చెప్పేది ఫైలు ఎక్కణ్ణుంచి వచ్చిందని. డిజిటల్ సంతకం చెప్పేది దాన్ని ఎవరు ఇచ్చారని, ఇచ్చాక ఎవరూ మార్చలేదని. సంతకం మాట చీటీ మాట కన్నా గట్టిది.

ఇప్పుడు దీనికి తిరగవైపు చూడాలి. హెచ్చరిక రానంత మాత్రాన ఫైలు మంచిదైపోదు. టమాటాలను ఒక క్రేటులోంచి మరో క్రేటులోకి ఒంపేస్తే చీటీ పాత క్రేటుకే మిగిలిపోతుంది కదా! పెన్‌డ్రైవుతో జరిగేది అదే. మామూలు పెన్‌డ్రైవుల్లో ఎన్‌టీఎఫ్‌ఎస్ ఉండదు, ఫ్యాట్32 గానీ ఎక్స్‌ఫ్యాట్ గానీ ఉంటుంది. వాటిలో పక్క పాయకు చోటు లేదు. బాగేపల్లిలో జెరాక్సు అంగడి కంప్యూటరులో ఫైలు దింపి, పెన్‌డ్రైవులో వేసుకుని, ఇంటికొచ్చి తెరిస్తే పసుపు పట్టీ రాదు. ఫైలు అదే, లోపలి గుణం అదే, చీటీ ఒక్కటే దారిలో రాలిపోయింది. ప్రింటు కోసం పది కంప్యూటర్లు తిరిగొచ్చిన పెన్‌డ్రైవు ఏ హెచ్చరికా ఇవ్వకుండా తెరుచుకుంటుంది. జాగ్రత్త పడాల్సింది అప్పుడే.

జిప్ ఫైళ్లదీ ఇదే కథ. బయటి మూటకు చీటీ ఉన్నా, విప్పేవాడు లోపలి ఫైళ్లకు మళ్లీ చీటీ కట్టాలి. కొన్ని ప్రోగ్రాములు చాలా ఏళ్లు ఆ పని చేయలేదు. ఎంతోమంది వాడే సెవెన్‌జిప్ 2022లోనే ఆ సదుపాయం చేర్చింది. తర్వాత అందులోనూ ఒక లోపం బయటపడింది. మూటలో మూట పెట్టి పంపితే లోపలి ఫైళ్లకు చీటీ పడకుండా పోయేది. యుక్రెయిన్‌లోని సంస్థల మీద దాడికి దాన్ని వాడుకున్నారు. 2024 నవంబరులో వచ్చిన 24.09 వెర్షను ఆ కన్నం పూడ్చింది. సెవెన్‌జిప్ తనంతట తాను కొత్తది తెచ్చుకోదు. మీ కంప్యూటరులో పాతదే ఉంటే మీరే దాని అసలు సైటుకు పోయి కొత్తది వేసుకోవాలి.

ఇంతవరకూ కంప్యూటరు. మన పల్లెల్లో ఎక్కువ ఇళ్లలో ఉండేది ఫోను. నిజమైన దొంగతనం జరుగుతున్నదీ అక్కడే. వాట్సాప్‌లో ఒక ఫైలు వస్తుంది. పేరు పెళ్లి పత్రిక అని ఉంటుంది, లేదా బండికి పడిన చలానా అని, పీఎం కిసాన్ డబ్బు అని, బ్యాంకు కేవైసీ అని ఉంటుంది. పేరు చివర చుక్క తర్వాత మూడక్షరాలు చూడండి. 'ఏపీకే' అని ఉంటే అది పత్రిక కాదు, ఫోటో కాదు, ఆండ్రాయిడ్ ప్రోగ్రాము. పెళ్లి పత్రిక ఎక్కడైనా ఫోటోగానో పీడీఎఫ్‌గానో వీడియోగానో వస్తుంది. ఫోనులో ఎక్కించుకోవాల్సిన పెళ్లి పత్రిక లోకంలో లేదు.

దాని మీద వేలు పెట్టగానే ఏం జరుగుతుందో వరుసగా చూడండి. మొదట ఫోను అడ్డుపడుతుంది. వాట్సాప్ నుంచి తెలియని యాప్‌లు ఎక్కించడానికి అనుమతి లేదని చెప్పి, సెట్టింగ్స్‌కు దారి చూపుతుంది. అక్కడ ఒక మీట ఉంటుంది. అది మనం తిప్పితేనే తిరుగుతుంది. తర్వాత ఆండ్రాయిడ్‌లో గూగుల్ పెట్టిన కాపలా, ప్లే ప్రొటెక్ట్, రెండోసారి హెచ్చరిస్తుంది. దాన్నీ దాటితే యాప్ ఎక్కుతుంది. ఎక్కీ ఎక్కగానే ఎస్ఎంఎస్‌లు చదవడానికి అనుమతి అడుగుతుంది. అక్కడ ఆగి ఒక్క ప్రశ్న వేసుకోండి. పెళ్లి పిలుపుకు నా ఎస్ఎంఎస్‌లతో ఏం పని? పని ఉంది, ఎందుకంటే బ్యాంకు పంపే ఓటీపీ వచ్చేది ఎస్ఎంఎస్‌లోనే. అనుమతి ఇచ్చాక ఓటీపీ మన కంటబడే లోపే దొంగ చేతికి పోతుంది. ఇన్ని గడపల్లోనూ తలుపు తీస్తున్నది మన వేలే. అవతల ఎవరో ఫోనులో "ఓకే నొక్కండి, ఓకే నొక్కండి" అని తొందరపెడుతుంటే నొక్కేస్తున్నాం.

"తెలిసినవాళ్లే పంపారు తాతా" అంటారు. నిజమే కావచ్చు. పంపింది మీ చిన్నాయన నంబరే కావచ్చు. ఇట్లాంటి యాప్‌లు ఒక ఫోనులో దూరాక అందులోని నంబర్లన్నిటికీ తామే సందేశాలు పంపగలవు. ఆయన ఫోను ముందు చిక్కి, ఆయనకు తెలియకుండానే మీకు వచ్చి ఉండొచ్చు. తెరిచే ముందు ఆయనకు ఒక ఫోను చేసి, "చిన్నాయనా, నువ్వేనా పంపింది?" అని అడగడానికి అర నిమిషం కూడా పట్టదు. చలానా ఉందో లేదో సర్కారు వారి పరివాహన్ సైటులో చూసుకోవచ్చు. పీఎం కిసాన్ కింద ఏడాదికి వచ్చే ఆరు వేలు మూడు విడతలుగా నేరుగా బ్యాంకు ఖాతాలో పడతాయి. దానికి వాట్సాప్‌లో వచ్చిన ఏ యాప్‌తోనూ పని లేదు.

ఒకవేళ ఎక్కించేసి ఉంటే సిగ్గుపడి దాచుకోవద్దు. వెంటనే ఆ ఫోనులో డేటా, వైఫై ఆపండి. వేరే ఫోను నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా ఆపించండి. 1930కి ఫోను చేయండి. దేశం మొత్తానికీ సైబరు మోసాల ఫిర్యాదుకు అదే నంబరు. ఎంత త్వరగా చెబితే డబ్బు దొంగ చేతికి చేరకముందే ఆపే వీలు అంత ఎక్కువ. ఆ తర్వాత యాప్‌ను తీసేయండి.

ఇక వచ్చే ఫైళ్ల మాట వదిలి, మనం పంపే ఫైళ్ల మాట చూద్దాం. వాటికీ చీటీ ఉంటుంది, ఇది ఫైలు లోపలే కూర్చుంటుంది. ఫోటోలోని ఈ దాగిన సమాచారాన్ని 'ఎక్సిఫ్' అంటారు. 1995లో జపాన్‌లో దాని ప్రమాణం తయారైంది. ఏ కెమెరా, ఏ రోజు, ఏ సమయం, ఎంత వెలుతురు అన్నవి అందులో ఉంటాయి. ఫోనులో లొకేషన్ తెరిచి ఉంటే ఫోటో తీసిన చోటి అక్షాంశం, రేఖాంశం కూడా చేరతాయి. బాగేపల్లి సుమారు 13.78 ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే దాదాపు 111 కిలోమీటర్లు. చుక్క తర్వాత రెండంకెలుంటే కిలోమీటరు తేడాతో ఊరు తెలుస్తుంది. నాలుగంకెలుంటే పది పదకొండు మీటర్ల తేడాతో ఇల్లే తెలుస్తుంది. ఫోటోలో ఇంకా ఎక్కువ అంకెలే ఉంటాయి.

2012 డిసెంబరులో జాన్ మెకాఫీ విషయంలో ఇదే జరిగింది. యాంటీవైరస్‌కు తన పేరే పెట్టిన మనిషి ఆయన. బెలీజ్ పోలీసులు ఒక హత్య కేసులో ప్రశ్నించాలని వెతుకుతుంటే దాక్కున్నాడు. ఆయన వెంట ఉన్న వైస్ పత్రికవాళ్లు ఒక ఫోటో ప్రచురించారు. ఫోటోలో దాగిన అక్షాంశ రేఖాంశాలు ఆయన గ్వాటెమాలాలో ఎక్కడున్నాడో లోకానికంతా చెప్పేశాయి. వర్డ్ ఫైలుదీ ఇదే స్వభావం. రాసినవారి పేరు, చివరగా దిద్దినవారి పేరు అందులో ఉండిపోతాయి. అమెరికాలోని విచిటాలో ఏళ్లతరబడి దొరకని ఒక హంతకుడు 2005లో పంపిన ఫ్లాపీలో అట్లాంటి పేరు దొరికి పోలీసులకు చిక్కాడు.

అలాగని ఈ సమాచారం శత్రువేం కాదు. ఉపాధి హామీ పనుల ఫోటోలకు స్థలం గుర్తు జోడిస్తారు. కర్ణాటకలో రైతే యాప్‌లో పంట సర్వే చేసుకునేటప్పుడు ఫోటో ఆ పొలంలోనే తీసిందని తెలియాలంటే ఆ అంకెలు కావాలి. అక్కడ అవి మన హక్కుకు సాక్ష్యం. ఊయలలో పాప ఫోటోకూ, బడి ముందు పిల్లల ఫోటోకూ అవి అక్కర్లేదు. వాట్సాప్‌లో ఫోటోను ఫోటోగా పంపితే ఎక్సిఫ్ రాలిపోతుంది. స్పష్టంగా ఉండాలని 'డాక్యుమెంట్'గా పంపితే మొత్తం అలాగే పోతుంది. ఇంటి ఫోటోలకు కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ గుర్తు ఆపేస్తే సరి. కంప్యూటరులో అయితే ప్రాపర్టీస్‌లో 'డీటెయిల్స్' పేజీ అడుగున సొంత సమాచారం తీసేసే దారి ఉంది. వర్డ్‌లో 'ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్' ఆ పనే చేస్తుంది.

మరి కంప్యూటరులో 'అన్‌బ్లాక్' ఎప్పుడు నొక్కాలి? ఫైలు ఎవరిదో మీకు తెలిసి, మీరే అడిగి తెప్పించుకుని, అసలు సైటు నుంచే దింపి ఉంటే, పేరు చివరి అక్షరాలు మీరు ఆశించినవే అయితే నొక్కండి. తప్పు లేదు. ఈ నాలుగింటిలో ఒక్కటి తేడాగా ఉన్నా నొక్కకండి. చదవడానికి ప్రొటెక్టెడ్ వ్యూ చాలు. అనుమానం ఉన్న ప్రోగ్రామును, ఎన్నో యాంటీవైరస్‌లతో ఒకేసారి పరీక్షించే వైరస్‌టోటల్ సైటులో వేసి చూడవచ్చు. ఆధార్, బ్యాంకు కాగితాల్లాంటివి మాత్రం అక్కడ వేయకండి. అక్కడ వేసిన ఫైళ్లను పరిశోధకులు చూడగలరు. ప్రతిసారీ అడ్డమొస్తోందని విసిగి హెచ్చరికలనే ఆపేసే పని ఎన్నడూ చేయకండి.

చివరగా మనవళ్లకూ మనవరాళ్లకూ ఒక పని చెబుతున్నాను. మీ ఇంట్లో అవ్వ ఫోను, నాయన ఫోను ఈ రోజే తీసుకోండి. సెట్టింగ్స్‌లో భాషను వాళ్లు చదవగలిగినదానికి మార్చండి, కన్నడమైతే కన్నడం, తెలుగైతే తెలుగు. హెచ్చరిక అర్థమైతేనే అది హెచ్చరిక. తర్వాత తెలియని యాప్‌లు ఎక్కించే అనుమతుల జాబితా తెరిచి, వాట్సాప్ దగ్గరా బ్రౌజరు దగ్గరా ఆ మీట ఆపేయండి. 1930 నంబరును వాళ్ల ఫోనులో పేరుతో సహా దాచిపెట్టండి. ఏ ఫైలు వచ్చినా తెరిచే ముందు "ఇది ఎక్కడిది?" అని అడగడం వాళ్లకు నేర్పండి. జవాబు దొరక్కపోతే తెరవొద్దని చెప్పండి.